పడటం నేర్చుకున్న బాబు: జూడో శిక్షణలో ఒక కేస్ స్టడీ

ఈ కేసులోని బాబు నా దగ్గరికి వచ్చేనాటికి నాలుగో తరగతి చదువుతున్నాడు. తొమ్మిదేళ్లు నిండాయి. తండ్రి చెప్పిన సమస్య ఒక్క ముక్క: "బడిలో అందరూ వీణ్ణి తోసేస్తున్నారు మాస్టారూ, తిరిగి రెండు తగిలించడం నేర్పండి." తల్లి చెప్పింది వేరు. మెట్లు దిగేటప్పుడు ఇప్పటికీ గోడ పట్టుకుంటాడని, సైకిల్ కొనిచ్చినా ఎక్కడని, ఆటల పీరియడ్ రాగానే కడుపునొప్పి అంటూ తరగతి గదిలోనే కూర్చుంటాడని ఆమె బాధ. ఈ రెండు ఫిర్యాదుల మూలం ఒక్కటేనని తర్వాత తెలిసింది.

తల్లిదండ్రుల అనుమతితోనే ఇది రాస్తున్నాను. బాబు పేరు, బడి, ఉండే పేట ఇక్కడ కనబడవు. విజయవాడలో పిల్లలకు జూడో నేర్పడం నా వృత్తి. యుద్ధవిద్యల వల్ల పిల్లలకు ఏం లాభమని ఎవరైనా అడిగితే ధైర్యం, క్రమశిక్షణ, ఏకాగ్రత అని మాలాంటివాళ్లం గడగడా అప్పజెప్పేస్తాం. ఆ ధైర్యం ఏ అభ్యాసంలో పుడుతుందో, ఎక్కడ ఆగిపోతుందో మాత్రం విడమరచి చెప్పం. ఈ బాబు విషయంలో అది కళ్లకు కట్టినట్టు కనబడింది. కొట్టడం నేర్వక ముందే, అసలు కొట్టడం నేర్వకుండానే, పడటం నేర్చుకున్నందువల్ల వాడికి ధైర్యం వచ్చింది.

పాత గాయం

ఆరేళ్ల వయసులో అమ్మమ్మగారి ఊళ్లో జామచెట్టు మీది నుంచి జారి, ఎడమ అరచెయ్యి నేలకు ఆనించి పడ్డాడు. మోచేతికి కాస్త పైన ఎముక విరిగింది. పిల్లలకు మోచేతి దగ్గర అయ్యే విరుపుల్లో ఎక్కువగా కనబడేది ఇదే. చెయ్యి చాచి పడినప్పుడు మోచెయ్యి బిగుసుకుపోతుంది, ఒంటి బరువంతా దానికి పైన పలుచగా ఉన్న ఎముక మీదికి పోతుంది. ఆపరేషన్ చేసి సన్నని తీగలు గుచ్చి పిండికట్టు వేశారు. ఎముక చక్కగా అతుక్కుంది. నా దగ్గరికి వచ్చేనాటికి చెయ్యి పూర్తిగా చాపగలడు, మడవగలడు. అయినా ఎముకల డాక్టర్ చూసి ఆటలకు అభ్యంతరం లేదని రాసిచ్చాకే మ్యాట్ ఎక్కించాను. పాత విరుపు ఉన్న ఏ పిల్లవాడినైనా ఆ కాగితం చేతికి రానిదే నేను ముట్టుకోను.

ఎముక బాగుపడింది గానీ భయం అలాగే ఉండిపోయింది. ఆ ప్రమాదం తర్వాత ఇంట్లో ప్రతి ఒక్కరి నోటా ఒకటే మాట: "పడతావు, జాగ్రత్త." గుమ్మం దాటితే పడతావు, కుర్చీ ఎక్కితే పడతావు. ప్రేమతో అన్న మాటే. మూడేళ్ల పాటు రోజంతా అదే వింటే, పడటం అంటే మళ్లీ ఆసుపత్రికి వెళ్లడమేనని వాడి మనసులో నాటుకుపోయింది.

మొదట చూసినవి

కొత్తగా చేరే పిల్లలతో ముందు ఆటలాగే కొన్ని పనులు చేయిస్తాను. ఒంటికాలి మీద నిలబడటం, గొంతుకూర్చోవడం, వెల్లకిలా పడుకుని మోకాళ్లు కావలించుకుని ఊగడం, తక్కువ ఎత్తు బల్ల మీది నుంచి దూకడం. బాబు కుడికాలి మీద బాగానే నిలబడ్డాడు, ఎడమకాలి మీద ఐదు సెకన్లు దాటలేదు. గొంతుకూర్చుని వెనక్కి ఒరగమంటే ఒరగలేదు. మోకాలి ఎత్తు కూడా లేని బల్ల మీది నుంచి దూకమంటే, ముందు దాని మీద కూర్చుని, కాళ్లు కిందికి జార్చి, అంచు పట్టుకుని దిగాడు. బలం లేక కాదు. కమ్మీ పట్టుకుని వేలాడమంటే తోటివాళ్లందరికంటే ఎక్కువసేపు వేలాడాడు.

అన్నిటికంటే ముఖ్యమైనది అనుకోకుండా బయటపడింది. వాడి కాలర్ సరిచేద్దామని నేను చెయ్యి ఎత్తాను. రెండు చేతులతో తల కప్పుకుని అక్కడికక్కడే కూలబడ్డాడు.

బడిలో పెద్ద పిల్లలు కనిపెట్టిందీ ఇదే. వీణ్ణి కొట్టనక్కర్లేదు, చెయ్యి ఎత్తితే చాలు. ఎత్తడం, వీడు కూలబడటం, వాళ్లు పడీపడీ నవ్వడం. రోజూ విరామంలో మెట్ల దగ్గర జరిగే తంతు అది. ఇలాంటి వేధింపులో పెద్దల కంటికి కనబడే దెబ్బ ఉండదు కనుక ఎవరూ పట్టించుకోరు. వాడు కూడా ఏమని చెప్పుకుంటాడు? "నన్ను కొట్టలేదు, నేనే కూర్చున్నాను" అని చెప్పుకోవడానికి ఏ పిల్లవాడికైనా సిగ్గే.

తండ్రి అడిగిన "రెండు తగిలించడం" నేను ఒప్పుకోలేదు. కారణం వివరంగా చెప్పాను. కొట్టాలంటే ఒంటి బరువు ఒక కాలి మీది నుంచి ఇంకో కాలి మీదికి మార్చాలి. పడతానేమో అన్న భయం ఉన్నవాడు ఆ పని చేయడు. నడుము దగ్గర వంగి, మోకాళ్లు బిగించి, ఉన్నచోటే పాతుకుపోతాడు. వాడి చేతికి గుద్దు నేర్పినా అందులో బరువు ఉండదు. పైగా అవతల ఉన్నది ముగ్గురు. వీడు ఒకటి వేస్తే వాళ్లు మూడు వేస్తారు, ఆ తర్వాత ప్రిన్సిపాల్ గదిలో తప్పు వీడిదే అవుతుంది. "ముందు పడటం నేర్పుతాను, తర్వాత పడేయడం నేర్పుతాను. కొట్టడం జూడోలో లేదండీ" అన్నాను. ఆయన ముఖం చిన్నబోయింది. మరో చోట మూడు నెలలకో బెల్టు ఇస్తున్నారట.

ఆయన్ను ఒప్పించింది నేను కాదు, వెంట వచ్చిన తాతగారు. ఆయన పడుచుతనంలో తాలింఖానాకు వెళ్లి కుస్తీ పట్టినవారు. "గోదాలో దిగే ముందు మట్టి తవ్వి, గడ్డలు చిదిపి, మెత్తగా చేసేవాళ్లంరా. కొత్తగా వచ్చినవాడికి ఉస్తాదు చెప్పే మొదటి పని అదే. పట్లు తర్వాత" అని కొడుకుతో అన్నారు. ఆ మాటతో బాబు చేరాడు.

పడే విద్య

జూడోలో పడే విద్యను ఉకెమి అంటారు. వెనక్కి పడటం, పక్కకు పడటం, ముందుకు పడటం, ముందుకు దొర్లుతూ పడి లేవడం ఇందులోవి. అన్నిటికీ సూత్రం ఒకటే. దెబ్బను ఒకే చోట పడనివ్వకుండా ఒంటి వెడల్పు మీద పంచాలి, తలను నేలకు తగలనివ్వకూడదు. వెనక్కి పడేటప్పుడు గడ్డం ఛాతీకి ఆనించి చూపు బెల్టు ముడి మీద నిలపాలి. అప్పుడు తల తనంతట తానే నేలకు ఎడంగా ఉంటుంది. వీపు గుండ్రంగా వంచి దొర్లాలి. వీపు నేలను తాకే క్షణంలోనే చేతులు రెండూ ఒంటికి ఏటవాలుగా, సుమారు 45 డిగ్రీల కోణంలో చాపి, అరచేతులు కిందికి ఉంచి నేలను గట్టిగా చరచాలి. భుజం నుంచి వేళ్ల దాకా చెయ్యంతా ఒక్కసారే తగలాలి. బాబు ఎముక విరిగిన తీరుకు ఇది పూర్తిగా తలకిందులు. ఆ రోజు ఒక్క అరచెయ్యే బరువంతా మోసింది.

పడుకుని చరచడంతో మొదలుపెట్టాం. అది వాడికి తెగ నచ్చింది. హాలంతా మోగే చప్పుడు తన చేతుల్లోంచి వస్తోందంటే ఏ పిల్లవాడికి నచ్చదు? కూర్చుని వెనక్కి దొర్లడం కూడా వారం తిరిగేసరికి వచ్చేసింది. గొంతుకూర్చుని వెనక్కి పడే దగ్గర బండి ఆగిపోయింది. వెనక్కి ఒరిగిన ప్రతిసారీ ఎడమచెయ్యి వీపు వెనక్కి పోయి అరచెయ్యి నేల కోసం వెతికేది. అలా పోతోందని వాడికే తెలియదు. "చెయ్యి పెట్టకు" అని చెప్పి ప్రయోజనం లేదు, ఆ మాట వింటే ధ్యాసంతా చేతి మీదికే పోతుంది. అందుకని చేతులకు వేరే పని అప్పగించాను. నడుముకు కట్టిన బెల్టు కొసలు రెండూ ముందుకు లాగి రెండు పిడికిళ్లలో పట్టుకోవాలి. గడ్డం కింద మడతపెట్టిన చేతిరుమాలు నొక్కి ఉంచాలి. బెల్టు వదలకుండా, రుమాలు జారకుండా వెనక్కి దొర్లి లేవాలి. కొన్నాళ్లు ఇంతే. చరచడం లేదు, నిలబడి పడటం లేదు. తోటి పిల్లలు ముందుకు వెళ్లిపోతున్నా వాడిని తొందరపెట్టలేదు.

ఆ తర్వాత బెల్టు వదిలి చరచమన్నాను. కొన్నిసార్లు చెయ్యి పాత దారే పట్టింది, కొన్నిసార్లు కొత్త దారి. ఒక సాయంత్రం పక్కవాడితో క్రికెట్ కబుర్లు చెబుతూనే గొంతుకూర్చుని వెనక్కి దొర్లాడు. గడ్డం ఛాతీకి ఆనే ఉంది. ఎడమచెయ్యి వెనక్కి పోకుండా పక్కన చరిచింది. ధ్యాస మాటల మీద ఉండగా ఒళ్లు సరిగ్గా పడిందంటే ఆ విద్య ఒంటపట్టినట్టే. ఆ మర్నాడే నిలబడి పడటం మొదలుపెట్టించాను.

ఇంట్లోవాళ్లను నేను కోరింది ఒక్కటే. "పడతావు" అన్న మాట మానేయమన్నాను. తల్లి దానికి బదులుగా "చూసుకుని దిగు" అనడం అలవాటు చేసుకున్నారు. మొదటి మాట భయం గుర్తుచేస్తుంది, రెండోది ఏం చేయాలో చెబుతుంది. నా శిక్షణతో సమానంగా ఆ తల్లి శ్రమకు కూడా ఈ కేసులో వాటా ఉంది.

పడేసిన చెయ్యే పట్టుకుంటుంది

తర్వాతి మెట్టు తోటివారి చేతిలో పడటం. బాబుకు జతగా పదకొండేళ్ల పాపను పెట్టాను. పసుపు బెల్టు, నిదానస్తురాలు. ఓ గోషి అనే పట్టులో నడుము మీదికి ఎత్తి ముందుకు తిప్పి పడేస్తారు. చూసేవాళ్లకు ఆ ఎత్తడమే కనబడుతుంది. నేర్పేవాళ్లం చూసేది వేరు. పడేసేవారు ఎదుటివారి కుడి చొక్కాచెయ్యిని చివరిదాకా వదలకూడదు. ఒళ్లు నేలను తాకబోయే క్షణంలో ఆ చేతిని పైకి లాగి పట్టుకోవాలి. అలా పట్టుకుంటే పడినవారు పక్కగా, మెత్తగా దిగుతారు, తల నేలకు తగలదు. పడినవారి క్షేమానికి పూచీ పడేసినవారిదే. మా దగ్గర ఎంత అందంగా ఎత్తినా చొక్కాచెయ్యి వదిలేస్తే ఆ పట్టు లెక్కలోకి రాదు.

మొదట్లో ప్రతిసారీ బాబు అడిగేవాడు: "అక్కా, చెయ్యి వదలవు కదా?" ఆ పాప విసుక్కోకుండా ప్రతిసారీ "వదలను" అనేది. నేను జోక్యం చేసుకోలేదు. అడగడం ఎప్పుడు మానేశాడో వాళ్లిద్దరూ గమనించనే లేదు.

ఇంకొకటి, చేత్తో తట్టడం. నేల మీద అదిమిపట్టే పట్టులో ఊపిరాడనట్టు అనిపించినా, భయం వేసినా, ఎదుటివారి ఒంటి మీద గానీ మ్యాట్ మీద గానీ రెండుసార్లు తడితే చాలు, వెంటనే వదిలేయాలి. ఎందుకని అడగకూడదు, నవ్వకూడదు. బాబు మొదట్లో ఎదుటివారి బరువు ఇంకా మీద పడకముందే తట్టేసేవాడు. తట్టిన ప్రతిసారీ వాళ్లు వదిలేసేవారు. తాను ఆపమంటే ఎదుటివాళ్లు ఆగుతారు అన్న అనుభవం బడిలో వాడికి ఏనాడూ కలగలేదు. ఆ నమ్మకం కుదిరాక తట్టకుండా ఉండగలిగే సమయం దానంతటదే పెరిగింది. భయపడే పిల్లలకు యుద్ధవిద్య ఇచ్చే గొప్ప మేలు ఇదేనని నా నమ్మకం. "వద్దు" అనే హక్కు, ఆ మాటకు విలువ ఇచ్చే మనుషులు. ఇదే బాబు కొన్నాళ్లకు తాను పైనుండి అదిమినప్పుడు, కిందివాడు తట్టినా గెలుపు సంబరంలో ఒక్క క్షణం ఆలస్యంగా వదిలాడు. తరగతి మొత్తం ఆపి, ఇద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడించాను. ఆ హక్కు రెండు వైపులా ఉండాలి.

జూడోను రూపొందించిన కనో జిగోరో కూడా చిన్నప్పుడు పొట్టిగా, బలహీనంగా ఉండి బడిలో తోటివాళ్ల చేతిలో అవమానాలు పడినవాడే. అందుకే జుజుత్సు అనే పాత జపాన్ యుద్ధవిద్య నేర్చుకున్నాడు. 1882లో టోక్యోలోని ఎయిషోజి ఆలయంలో కొడోకన్ అనే తన జూడో శిక్షణాలయాన్ని ప్రారంభించాడు. వృత్తి చేత అధ్యాపకుడు. తానూ ఎదుటివాడూ కలిసి బాగుపడాలన్నది ఆయన పెట్టిన మూలసూత్రాల్లో ఒకటి. అయినా ఆయన దేశంలోనే ఆ విద్య దారి తప్పిన సందర్భాలున్నాయి. 1983 నుంచి దాదాపు మూడు దశాబ్దాల్లో జపాన్ బడుల జూడోలో వందమందికి పైగా విద్యార్థులు చనిపోయారు. ప్రధాన కారణం తలకు దెబ్బలు, బలైనవారిలో కొత్తగా చేరినవాళ్లు ఎక్కువ. 2012లో అక్కడి మిడిల్ స్కూళ్లలో యుద్ధవిద్యలను తప్పనిసరి చేసినప్పుడు తల్లిదండ్రులు ఆందోళన పడింది ఇందుకే. చిన్నపిల్లల్లో గెలుపే సర్వస్వమన్న ధోరణి పెరిగిపోయిందని 2022లో అక్కడి జూడో సమాఖ్య ప్రాథమిక పాఠశాల పిల్లల జాతీయ వ్యక్తిగత పోటీలనే రద్దు చేసింది. "ఎన్నాళ్లు ఈ పడటం?" అని అడిగే తల్లిదండ్రులందరికీ ఈ సంగతి చెబుతాను.

బడిలో

శిక్షణ ఒక్కటే బడిలోని వేధింపును ఆపుతుందని నేను ఏ తల్లిదండ్రులకూ మాట ఇవ్వను. అది పెద్దలు చూసుకోవలసిన పని. బాబు తల్లిదండ్రులను క్లాస్ టీచర్‌తో మాట్లాడమన్నాను. ఆమె అర్థం చేసుకుని విరామంలో మెట్ల దగ్గర నిలబడటం మొదలుపెట్టారు. అది చాలావరకు పనిచేసింది.

టీచర్ లేని ఒక రోజు వరండాలో వాళ్లలో ఒకడు వెనక నుంచి నిజంగానే తోశాడు. బాబు పక్కకు తిరిగి, చెయ్యి చరిచి పడి, లేచి, పుస్తకాల సంచి తీసుకుని తరగతిలోకి వెళ్లిపోయాడు. మోచేతి మీద చిన్న గీత తప్ప దెబ్బ లేదు. ఇది నాకు చెప్పింది బాబు కాదు, వాడి స్నేహితుడు ఇంటికొచ్చి చెబితే తల్లికి తెలిసింది. అంతటితో వేధింపు ఆగిపోలేదు. కూలబడటంలో ఉన్న వినోదం పోయాక టిఫిన్ డబ్బా దాచడం మొదలుపెట్టారు. ఆ సంగతి ఈసారి బాబే వెళ్లి టీచర్‌కు చెప్పాడు. తోపును తట్టుకుని లేవడం కంటే ఈ చెప్పడమే నాకు పెద్ద మార్పుగా తోచింది.

మారినవి, మారనివి

ఏడాది తర్వాత మొదటి రోజు చేయించిన పనులే మళ్లీ చేయించాను. ఎడమకాలి మీద ఇరవై సెకన్లకు పైగా నిలబడ్డాడు. బల్ల మీది నుంచి దూకాడు, దూకి ఇంకోసారి దూకుతానన్నాడు. గొంతుకూర్చుని వెనక్కి పడటం గురించి చెప్పనక్కర్లేదు. సైకిల్ తొక్కుతున్నాడు. ఆటల పీరియడ్‌లో ఖోఖో ఆడుతున్నాడు, కబడ్డీకి మాత్రం ఇంకా రాడు. ఎదురుగా చెయ్యి ఎత్తితే కూలబడటం పోయింది. వెనక నుంచి హఠాత్తుగా పెద్ద శబ్దం వస్తే భుజాలు ఇప్పటికీ బిగుసుకుంటాయి.

లెక్కల మార్కులు మారలేదు. ఏకాగ్రత పెరిగి చదువు కూడా బాగుపడుతుందని తండ్రి ఆశించారు. నేనలాంటి హామీ ఇవ్వలేదు, ఈ కేసులో అలాంటిదేమీ కనబడలేదు. వాడికి ఒక ఏడాది వయసు కూడా పెరిగింది, టీచర్ అండగా నిలిచారు, ఒక స్నేహితుడు దొరికాడు. వచ్చిన మార్పులో జూడో వాటా ఎంతో విడదీసి చెప్పడం సాధ్యం కాదు.

పరిశోధనల సంగతికొస్తే, కింబర్లీ లేక్స్, విలియం హోయిట్ 2004లో అమెరికాలో ప్రచురించిన అధ్యయనంలో బడిలో టైక్వాండో అనే కొరియా యుద్ధవిద్య నేర్చుకున్న పిల్లల్లో, మామూలు వ్యాయామ తరగతులకు వెళ్లినవాళ్లతో పోలిస్తే తమను తాము అదుపు చేసుకునే గుణం ఎక్కువగా మెరుగుపడింది. 1986లో మైకేల్ ట్రల్సన్ చేసిన పని నాకు ఇంకా విలువైనదిగా అనిపిస్తుంది. నేరప్రవృత్తి ఉన్న కుర్రాళ్లలో ఒక జట్టుకు ధ్యానం, నడవడి కలిపిన సంప్రదాయ టైక్వాండో నేర్పితే వాళ్లలో దూకుడు తగ్గింది. పోరాట మెళకువలు మాత్రమే నేర్పిన జట్టులో అది పెరిగింది. విద్య పేరు ఒకటే, నేర్పిన తీరు వేరు. అందుకే "కరాటే మంచిదా, జూడో మంచిదా" అని అడిగితే, వెళ్లి తరగతి చూడమంటాను.

చూడటానికి ఒక గంట చాలు. పిల్లలు ఎంతసేపు వరసలో ఊరికే నిలబడుతున్నారో, ఎంతసేపు ఒళ్లు కదులుస్తున్నారో చూడండి. గచ్చు మీద పలుచని మ్యాట్లు పరిచి పడేయిస్తుంటే అక్కడ చేర్చకండి. తలకు దెబ్బ తగిలే సాధన చిన్నపిల్లలకు వద్దు. హెల్మెట్ ఉంది కదా అని సమాధానపడకండి. రక్షణ సామగ్రి మెదడు అదురును ఆపుతుందని రుజువు కాలేదని అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2016లోనే చెప్పింది. తల్లిదండ్రులను లోపల కూర్చోనివ్వని చోటు ఎంత పేరున్నదైనా నాకు నమ్మకం కలగదు. పిల్లల ఒంటిని తాకి నేర్పే విద్య ఇది, తలుపులు తెరిచి ఉండాలి. ఎదుగుతున్న వయసులో పోటీ కోసం పస్తులుంచి బరువు తగ్గించమనే శిక్షకుడి దగ్గర పిల్లల్ని ఉంచకండి. బెల్టులంటే నాకు చిన్నచూపు లేదు, పిల్లలకు అవి ఎంత సంతోషమో రోజూ చూస్తున్నాను. కాకపోతే ఆ బెల్టు ఏ పని వచ్చినందుకు ఇచ్చారో పిల్లవాడు చేసి చూపించగలగాలి.

బాబు ఇప్పుడు పసుపు బెల్టులో ఉన్నాడు. కుడి భుజం మీదుగా ముందుకు దొర్లి లేవడం నిలబడి చేస్తున్నాడు. ఎడమ భుజం మీదుగా మాత్రం ఇంకా మోకాళ్ల మీద కూర్చునే చేస్తున్నాడు. రాబోయే నెలల్లో పని దాని మీదే. మొన్నటి క్లబ్ పోటీల్లో ఆడతావా అంటే వద్దన్నాడు, సమయం చూసే బల్ల దగ్గర కూర్చుంటానన్నాడు, కూర్చోబెట్టాను. పోటీల ప్రస్తావన వాడు తెచ్చేదాకా మనం తేవద్దని తండ్రితో అనుకున్నాం. ఆయన ఒప్పుకున్నారు.